పెట్టెది తప్పు

మంగళవారం పదిన్నరకి వార్డులో పాడటానికి పాటల మేడం వచ్చేసరికే, ఆరో మంచం పెద్దాయనకి ఇవ్వాల్సిన ఇంజెక్షన్‌ని చిన్న సిస్టరు ట్రేలో సిద్ధంగా పెట్టుకుంది.

చిన్న సిస్టరుకి యాభై దగ్గరపడుతున్నాయి. చేరిన కొత్తలో అక్కడ ఒక పెద్ద సిస్టరు ఉండేది. ఆవిడ రిటైరై పదేళ్లు దాటినా ఈవిడ పేరులోంచి 'చిన్న' రాలిపోలేదు. ఎనిమిది మంచాల వార్డు అది. ఇక వైద్యంతో లాభం లేదని తేలినవాళ్లు మిగిలిన రోజులు నొప్పి లేకుండా గడపడానికి వచ్చే చోటు. ఎవరికెంత నొప్పి ఉందో ముఖం చూసి చెప్పేయగలనని చిన్న సిస్టరుకి ఒక ధీమా. డాక్టరుగారికీ ఆమె మీద అదే నమ్మకం.

పెద్దాయన వచ్చి నెల కావస్తోంది. గొంతులో స్వరపేటిక తీసేశారు. మెడ కింద పెట్టిన చిన్న గొట్టంలోంచి ఊపిరి తీస్తాడు. మాట లేదు. వచ్చిన వారానికి మొదటిసారి పాట విన్నాడు. వింటూనే ముఖం ముడుచుకుపోయింది, గుప్పిట్లో దుప్పటి నలిగింది, ఒక చెయ్యి గాలిలో అడ్డంగా ఊగింది. చిన్న సిస్టరు చూసింది, డాక్టరుగారికి చెప్పింది. డాక్టరుగారు చార్టులో రాశారు: "పాటల వేళకి నొప్పి పెరుగుతోంది. మొదలవగానే ఇంజెక్షన్ ఇవ్వాలి." అప్పటినుంచి మంగళవారం, శుక్రవారం పాట అందుకోగానే పెద్దాయన నిద్రలోకి జారిపోవడం మామూలైపోయింది.

ఒకసారి మందు పనిచేసేలోపు ఆయన కాగితం అడిగి వణికే చేత్తో ఒక్క మాట రాశాడు. "శ్రుతి."

ఆ కాగితం వార్డంతా తిరిగింది. నాలుగో మంచంలో రిటైరైన బస్సు కండక్టరు ఉన్నాడు. ఆయన దాన్ని టికెట్టులా వెలుగుకి ఎత్తిపట్టి చూశాడు. "పాట వినగానే గుర్తొచ్చిందంటే మామూలు మనిషై ఉండదు సిస్టర్. పెద్దాయన లోతైన మనిషే!" అన్నాడు. ఆ శ్రుతి ఎవరో పెద్దాయన కూతురిని అడుగుదామనుకుని చిన్న సిస్టరు ఆగిపోయింది. తల్లి కాని ఆడమనిషి పేరు తండ్రి చేత్తో రాసి ఉంటే ఏ కూతురికి బాగుంటుంది? పోయేముందు మనిషి పరువు తీయడమెందుకు? కాగితం మడిచి సొరుగులో పెట్టింది.

ఇవాళ కూడా స్టోర్ గదిలోంచి హార్మోనియం పెట్టె టీ బండి మీద వచ్చింది. పాటల మేడం కళ్లజోడు సర్దుకుని, పుస్తకం తెరిచి, తిత్తి రెండుసార్లు ఊపి పాట మొదలుపెట్టింది. కండక్టరు దిండుకి ఆనుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. చిన్న సిస్టరు సిరంజి పైకి పట్టుకుని గాలి బుడగ పోయేలా వేలితో తట్టి ఆరో మంచం వైపు తిరిగింది.

పెద్దాయన ముఖం మామూలుగా ఉంది. ఉన్నట్టుండి ముడుచుకుంది. మళ్లీ విప్పారింది. మళ్లీ ముడుచుకుంది.

నొప్పి అలా రాదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆమె చూసిన నొప్పి వస్తే కాసేపు ఉంటుంది, పోతే మెల్లగా పోతుంది. ఇలా దీపం వెలిగించి ఆర్పినట్టు ఉండదు. సిరంజి అలాగే పట్టుకుని నిలబడింది. మేడం పేజీ తిప్పడానికి ఆగింది. పెద్దాయన నుదురు సాఫీ అయిపోయింది. రెండో చరణంలో గొంతు పైకి లేచింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుపోయాయి, పన్ను సలిపినవాడిలా దవడ బిగుసుకుంది.

ఆమె దగ్గరకి వెళ్లింది. పెద్దాయన కళ్లు తెరిచి సిరంజి చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. ఎముకలు తేలిన చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని పక్కకి నెట్టాడు. ఆ నెట్టడంలో బలం లేదు. కానీ అది వద్దనడమే. ఇంతకుముందు ఆరుసార్లు కూడా ఇలాగే నెట్టాడు. నొప్పికి తాళలేక కొట్టుకుంటున్నాడని ఆమే తేల్చేసుకుంది.

చిన్న సిస్టరు సిరంజికి మూత పెట్టేసింది.

*

సాయంత్రం ఆయన కూతురు వచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టు పని, షిఫ్టు దిగి తిన్నగా వస్తుంది. మంగళవారం పూట తండ్రి మెలకువగా కూర్చుని ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటి నాన్నా, ఇవాళ నిద్రపోలేదా?"

చిన్న సిస్టరు ఆమెను వరండాలోకి పిలిచింది. ఎలా మొదలుపెట్టాలో తోచక కాసేపు పెన్ను మూత తీసి పెట్టింది. "ఏమనుకోకమ్మా. మీ ఇంటి విషయం, నేను అడక్కూడదు. మీ నాన్నగారికి శ్రుతి అని ఎవరైనా..."

"శ్రుతా? ఎవరు?"

చిన్న సిస్టరు సొరుగులోంచి తెచ్చుకున్న కాగితం ఇచ్చింది. కూతురు చూసింది. ముందు అయోమయంగా, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది.

"అయ్యో సిస్టర్! ఇది మనిషి కాదండీ. శ్రుతి, సంగీతంలో శ్రుతి! మా నాన్న పనే అది. నలభై ఏళ్లు హార్మోనియం పెట్టెలకి శ్రుతి చేశాడు. ఇంట్లో అన్ని మాటలకంటే ముందు మాకు ఆ మాటే వచ్చింది."

"ఫారంలో 'రిపేరు' అని ఉంది కదమ్మా. మేం సైకిళ్లో, రేడియోలో అనుకున్నాం."

"రాయడానికి జాగా అంతే ఉందండీ." కూతురు కళ్లు తుడుచుకుంది. "మొన్న నాక్కూడా రాసి చూపించాడు, పెట్టె బాగుచెయ్యాలని. పాత పని గుర్తొస్తోందిలే అనుకున్నా. ఇంతకీ ఇక్కడ పెట్టెక్కడుంది?"

కూతురు వచ్చే వేళకి అది ఎప్పుడూ స్టోర్ గదిలోనే ఉంటుంది. ఒకరికి పెట్టె తెలుసు, ఇంకొకరికి పని తెలుసు. రెండూ తెలిసిన మనిషి నోరు లేకుండా మధ్యలో పడుకుని ఉన్నాడు.

ఇద్దరూ కలిసి బండి తోసుకొచ్చారు. పెద్దాయన దిండు మీంచి లేచి కూర్చోబోయాడు. కూతురు తిత్తి ఊపింది, చిన్న సిస్టరు కింది నుంచి ఒక్కో మెట్టూ నొక్కుతూ ఆయన ముఖం చూసింది. మంచిది. మంచిది. మంచిది. మధ్యలో గ దగ్గర ఆయన మూతి వంకర పోయింది. చూపుడు వేలు పైకి చూపించాడు. శ్రుతి తగ్గింది, పెంచాలని. తర్వాత ప. ఆ తర్వాత పై స. దాని దగ్గర వేలు చూపించలేదు, చేత్తో కళ్లే మూసుకున్నాడు.

"మూడు మెట్లు," అంది చిన్న సిస్టరు.

"అయితే మంగళవారం, శుక్రవారం నిద్రపోయేది..." కూతురు తండ్రి వైపు, ట్రే వైపు చూసింది. ఇందాకటి నవ్వు ముఖంలో ఎక్కడా లేదు.

చిన్న సిస్టరు తప్పించుకోలేదు. "నేనే ఇచ్చానమ్మా. ఆరుసార్లు. నొప్పనుకున్నాను." తర్వాత మంచం వైపు తిరిగి ఆయనతోనే చెప్పింది. "మిమ్మల్ని అడగలేదు పెద్దాయనా. తప్పు నాది."

పెద్దాయన పెన్ను అందుకున్నాడు. కాగితం మీద రాశాడు: "మందు మంచిదే. పెట్టె బాగులేదు."

*

బుధవారం రౌండ్లకి వచ్చిన డాక్టరుగారు అంతా విన్నారు. చార్టు తీసుకుని తను రాసిన వాక్యం మీద తనే గీత కొట్టారు. కిందన సంతకం పెట్టి, "నోరు లేనివాణ్ణి ఏం అడుగుతాంలే అనుకున్నాం సిస్టర్," అన్నారు.

"ఆయన చేతే పెట్టె బాగుచేయించమంటారా?"

"ఇత్తడి పొడి లేస్తుంది. మెడ దగ్గర గొట్టానికి తడి గుడ్డ కప్పాలి." ఆయన గొంతు తగ్గించారు. "వారం ఉంటారేమో. చేతుల్లో పట్టు అన్నాళ్లు కూడా ఉండదు. చేస్తే ఇప్పుడే చెయ్యాలి."

ఇక మిగిలింది పాటల మేడం. ఫోన్ చేయగానే, ఎవరో పాట అడిగారనుకుని సంతోషంగా వచ్చింది. విషయం విన్నాక ఆమె పెట్టె మీద చెయ్యి వేసింది.

"అది మా అమ్మ పెట్టె. ఆరేళ్లుగా ఇక్కడ పాడుతున్నాను. శ్రుతి తప్పిందని ఒక్కరూ అనలేదే!"

"పోయేవాళ్లం కదా మేడం, మొహమాటపడ్డాం," అన్నాడు కండక్టరు మంచం మీంచి.

ఆయన నవ్వించాలనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మేడం పెట్టె మీద గుడ్డ కప్పి, అంచులు నాలుగువైపులా లాగి సరిచేసింది. "రేపు మనిషిని పంపి తీసుకెళ్లిపోతాను. ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టాను, క్షమించండి," అని చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయింది.

ఆరో మంచం దగ్గర టంగుమని చప్పుడైంది. పెద్దాయన చెంచాతో మంచం ఇనుప ఊచని కొడుతున్నాడు. చిన్న సిస్టరు కాగితం ఇచ్చింది. ఆయన రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరానికీ పెన్ను ఆగుతోంది. కింద మెట్ల మీద చెప్పుల చప్పుడు దూరమవుతోంది. "చాలు పెద్దాయనా, వెళ్లిపోతోందావిడ," అంటే తల అడ్డంగా ఊపి ఇంకో రెండు వరుసలు రాశాడు.

ఆ కాగితం పట్టుకుని చిన్న సిస్టరు పరుగెత్తింది. ఆ ఆస్పత్రిలో అంతకుముందెప్పుడూ ఆమె పరుగెత్తగా ఎవరూ చూడలేదు. కింది మలుపు దగ్గర మేడంని అందుకుంది.

"మీ గొంతు బాగుంది," అని రాసి ఉంది. "పెట్టెది తప్పు. పై స దగ్గర మీ గొంతు సరిగ్గా వెళ్తుంది. పెట్టె కిందకి లాగుతుంది. మీరు మీ గొంతుని నమ్మలేదు, పెట్టెని నమ్మారు."

మేడం రెండుసార్లు చదివింది. తర్వాత చీర కుచ్చిళ్లు కూడా చూసుకోకుండా మెట్టు మీద కూర్చుండిపోయింది.

"రెండేళ్లయింది సిస్టర్, పై స మీద నిలవాల్సిన పాటలు మానేసి. వయసు మీద పడింది, ఇక గొంతు లేవదనుకున్నాను." కాగితాన్ని మోకాలి మీద పెట్టి చదును చేసింది. "ఇంట్లో ఒక్కదాన్నే పాడుకున్నప్పుడు వస్తుంది. పెట్టె ముందు కూర్చుంటే రాదు. నాదే లోపం అనుకున్నాను."

"మూడే మెట్లట మేడం."

ఆమె లేచి నిలబడి చీర దులుపుకుంది. "రేపు ఎన్నింటికి రమ్మంటారు?"

*

గురువారం చిన్న సిస్టరుకి సెలవు. అయినా పదింటికి మామూలు చీరలో వచ్చింది. ఆమెను యూనిఫాం లేకుండా చూసి కండక్టరు, "ఎవరండీ మీరు, రోగుల్ని చూసే వేళ కాదిది," అన్నాడు. కూతురు షిఫ్టు మార్చుకుని తండ్రి పనిడబ్బా తెచ్చింది. అందులో రెండు సన్నని ఉలులు, ఒక చిన్న ఆకురాయి, పల్చటి రేకు ముక్క, మెత్తటి బ్రష్షు ఉన్నాయి. పెద్దాయన మూత తీసి వేటినీ చూడకుండానే వేళ్లతో తడిమి అన్నీ ఉన్నాయని తల ఊపాడు.

మంచం మీద దుప్పటి పరిచారు. ఆయన మెడ మీద తడి గుడ్డ కప్పారు. మేడం తన తల్లి పెట్టె పైపలక మరలు తనే విప్పింది. మెట్ల వరుస ఎత్తి పక్కన పెడితే లోపల ఇత్తడి రీడ్లు బారుగా కనబడ్డాయి. ఒక్కోటీ చిన్న చట్రం, దానికి ఒకవైపు బిగించిన సన్నని నాలుక. గాలికి ఆ నాలుక ఊగితేనే స్వరం. పెద్దాయన వేలు ఆ మూడింటి మీదా వరుసగా ఆగింది. నాలుకల కొసల్లో పచ్చటి చిలుము పట్టి ఉంది.

ఆయన ఉలి అందుకున్నాడు. ఉలి కొస వణికింది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకున్నాడు. రెండు చేతులూ వణికాయి. ఉలి దుప్పటి మీద పెట్టేసి కిటికీ వైపు తిరిగాడు.



"నాన్నా, నేను చెయ్యనా?" అంది కూతురు. ఆయన తల ఊపలేదు. చిన్న సిస్టరు చేతుల వైపు చూశాడు. ముప్ఫై ఏళ్లుగా, దొరకని నరాన్ని కూడా వెతికి పట్టుకున్న చేతులు అవి. ఆ చేతులు ఆయనకి బాగా తెలుసు. ఉలి ఆమె వైపు జరిపాడు.

"నాకేం తెలుసు పెద్దాయనా!"

ఆయన తన చెవిని చూపించాడు, ఆమె చేతిని చూపించాడు. రెండు వేళ్లు దగ్గరకి చేర్చాడు.

ముందు చిలుము తీయించాడు. తర్వాత నాలుక కింద రేకు ముక్క దూర్పించి, కొస మీద గీకమన్నాడు. ఎంత అంటే బొటనవేలి గోటి మీద తన గోటితో అలా తాకించి చూపించాడు. ఆమె ఊపిరి బిగబట్టి రెండుసార్లు గీకింది. బంగారం రంగు పొడి కాస్త రాలింది. బ్రష్షుతో దులిపారు, మెట్లు అమర్చారు, కూతురు తిత్తి ఊపింది, మేడం గ నొక్కింది. పెద్దాయన వేలు పైకి లేచింది. ఇంకా పెంచాలి. మళ్లీ విప్పారు. మళ్లీ రెండు గీతలు. అలా ఐదోసారికి ఆయన అరచెయ్యి అడ్డంగా, కదలకుండా నిలిచింది. చాలు.

"రైట్ రైట్!" అని కేక పెట్టాడు కండక్టరు.

ప మూడుసార్లకే కుదిరింది. పై స దగ్గర చిన్న సిస్టరుకి కాస్త ధైర్యం ఎక్కువైంది. ఒక గీత గట్టిగా పడింది. మేడం మెట్టు నొక్కగానే కీచుమంది. ఆమెకే తెలిసిపోయింది. "పాడుచేశాను!" అంటూ ఉలి వదిలేసింది. పెద్దాయన భుజాలు ఊగాయి. దగ్గు వచ్చిందనుకుని కంగారుగా చూసింది. ఆయన నవ్వుతున్నాడు. ఈసారి నాలుక మొదలు చూపించాడు, చట్రానికి బిగించిన చోటు. కొసన గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే దిగుతుంది. ఎంత తప్పినా వెనక్కి దారి ఉంది. అది చెప్పలేక, చేత్తో మెట్లు ఎక్కి దిగినట్టు చూపించాడు.

అప్పుడే ఆయన ముఖం బూడిదరంగుకి తిరిగింది. నుదుటి మీద చెమట పట్టింది. ఇది నిజమైన నొప్పి, చిన్న సిస్టరుకి తెలిసిపోయింది. లేచి ట్రే అందుకుంది, అందుకుని ఆగింది.

"ఇవ్వనా పెద్దాయనా?"

ఆయన పై స వైపు చూశాడు. వద్దని తల ఊపాడు. మూడు వేళ్లు చూపించాడు. ఇంకో మూడుసార్లు గీకితే అయిపోతుందని.

కూతురు, "నాన్నా, రేపు చేద్దాం," అంది ఏడుపు గొంతుతో. ఆయన ఆమె చెయ్యి తీసి తిత్తి మీద పెట్టాడు. చిన్న సిస్టరు ట్రే పక్కన పెట్టి ఉలి తీసుకుంది. ఒకసారి. మేడం నొక్కింది, వేలు కిందకి. రెండోసారి. వేలు కొంచెమే కిందకి. మూడోసారి ఆమె గీకలేదు, ఉలి అంచుతో దువ్వినట్టు తాకించింది. మేడం పై స నొక్కి, తెలియకుండానే తన గొంతూ కలిపింది. పెట్టె ఏదో, గొంతేదో తేడా లేకుండా ఆ ఒక్క స్వరం వార్డు ఆ చివరిదాకా వెళ్లింది.

పెద్దాయన అరచెయ్యి అడ్డంగా నిలిచింది. తర్వాత అదే చెయ్యి తిప్పి, తనంతట తానే ఇంజెక్షన్‌కి చాచాడు.

*

శుక్రవారం పదిన్నరకి వార్డులో మామూలు కంటే జనం ఎక్కువ ఉన్నారు. రౌండ్లు ముగించిన డాక్టరుగారు వెళ్లకుండా కిటికీ దగ్గర నిలబడ్డారు. వంటగదివాళ్లు గుమ్మంలో చేరారు. కూతురు ఫ్యాక్టరీకి వెళ్లలేదు.

ఆ తర్వాత పెద్దాయన రెండు రోజులే ఉన్నాడు. శనివారమంతా నిద్రలోనే ఉన్నాడు. ఆదివారం తెల్లారాక, కూతురు చెయ్యి పట్టుకుని ఉండగా ఊపిరి ఆగింది. ఆ రెండు రోజుల్లో ఆయన ముఖంలో ఎక్కడా ఒక్క ముడత కూడా పడలేదని చిన్న సిస్టరు చార్టులో రాసింది. రాసేముందు చాలాసేపు చూసింది. తన కళ్లని తను నమ్మడానికి ఇప్పుడామెకి టైం పడుతోంది.

కానీ శుక్రవారం ఆయన మెలకువగా ఉన్నాడు. మేడం పుస్తకం తెరుస్తుంటే చెంచాతో ఊచ కొట్టాడు. చేత్తో ముందుకీ వెనక్కీ తోస్తున్నట్టు సైగ చేశాడు. మేడంకి అర్థం కాలేదు. కూతురికి అర్థమైంది. "తిత్తి తను వేస్తాడట."

"అలిసిపోతారు," అంది మేడం, చిన్న సిస్టరు వైపు చూస్తూ.

చిన్న సిస్టరు పెద్దాయన వైపు చూసింది. "వేస్తారా?" అని అడిగింది. ఆయన తల ఊపాడు. భోజనాల బల్ల మంచం మీదుగా లాగి, పెట్టె దాని మీద పెట్టారు. తిత్తి ఆయన వైపు, మెట్లు మేడం వైపు. మేడం మంచం కాళ్ల వైపు అంచున కూర్చుంది. పుస్తకం ఎక్కడ పెట్టాలో చోటు లేక మూసి పక్కవాళ్లకిచ్చేసింది.

"ఏం పాడను?" అంది.

"మీరు మానేసినవి ఉన్నాయట కదా మేడం, అందులోది," అన్నాడు కండక్టరు.

పెద్దాయన తిత్తి తెరిచాడు. వణికే చెయ్యి ఆ చెక్క మీద పడగానే కుదురుకుంది. నలభై ఏళ్లు చేసిన పని, ఆ చేతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. గొట్టంలోంచి ఆయన తీసే ఊపిరి గరగరమంటోంది, చిన్నచిన్నదిగా తెగుతోంది. పెట్టెకి మాత్రం గాలి ఎక్కడా తెగకుండా, నిండుగా అందుతోంది. మేడం మొదటి చరణం మెల్లగా పాడింది. రెండో చరణంలో పాట పైకి ఎక్కింది. పై స ముందు ఆమె గొంతు అలవాటు ప్రకారం ఒక్క క్షణం జంకింది. తల ఎత్తి పెద్దాయనను చూసింది. ఆయన కనుబొమలు పైకెత్తి, పిల్లని మెట్టు ఎక్కించినట్టు గడ్డం ఆడించాడు.

ఆమె ఎక్కింది.

ఆ స్వరం మీద ఎంతసేపు నిలబడిందో ఎవరూ లెక్కపెట్టలేదు. నిలబడినంతసేపూ తిత్తి ఆమె కింద నేలలా ఉంది. ఎనిమిదో మంచంలో వారం నుంచి కళ్లు తెరవని ఆవిడ తల ఇటు తిప్పింది. డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకోవడం మర్చిపోయారు. కండక్టరు తొడ మీద తాళం వేస్తున్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది, చెంపలు తడిసిపోతున్నా తుడుచుకోలేదు. పెద్దాయన ముఖం మాత్రం పని బాగా కుదిరిన మనిషి ముఖంలా నింపాదిగా ఉంది.

పాట అయింది. 

"మేడం," అన్నాడు కండక్టరు గొంతు సవరించుకుని, "ఇంకొక్కసారి."

మేడం తటపటాయించింది. "పెద్దాయన అలిసిపోయారేమో..."

చిన్న సిస్టరు ఆయన్ని అడుగుదామని వంగింది. అప్పటికే తిత్తి తెరుచుకుంది.